ఒరిజినల్ ఒక్కటే

పోలియో వైరస్ దగ్గరున్న సమాచారం మొత్తం కలిపితే 7,440 అక్షరాలు. అవి కూడా నాలుగే రకాలు: ఎ, యు, జి, సి. మధ్యలో స్పేస్ ఉండదు, ఫుల్‌స్టాప్ ఉండదు, చదివేవాడి మీద జాలిపడి రాసిన కామెంట్ లైన్ ఒక్కటి కూడా ఉండదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఏడున్నర కేబీ లోపే. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గులాబీపూల గుడ్ మార్నింగ్ ఫొటో దీనికి పదింతలుంటుంది.

కానీ ఇది ఉత్త ఫైలు కాదు. 2002లో అమెరికాలోని స్టోనీబ్రూక్‌లో ఎకార్డ్ విమ్మర్ బృందం ఈ అక్షరాల వరుసని ముందు పెట్టుకుని, చిన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలు తయారుచేయించి, వాటిని అతికించి, దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, కణాల నుంచి పిండిన రసంలో వేసింది. అందులోంచి నిజమైన పోలియో వైరస్ పుట్టింది. ఎలకలకి ఎక్కిస్తే వాటి కాళ్లు పడిపోయాయి. మన భాషలో చెప్పాలంటే టెక్స్ట్ ఫైల్ కంపైల్ అయ్యి రన్ అయింది.

ఈ ఫైలు నా దగ్గరికి సెకండియర్‌లో వచ్చింది. బయోఇన్ఫర్మాటిక్స్ ఓపెన్ ఎలెక్టివ్ స్కోరింగ్ అని సీనియర్లు చెప్తే తీసుకున్న బ్యాచ్‌లో నేనూ ఒకణ్ని. అసైన్‌మెంట్ సింపుల్. ఏదో ఒక వైరస్ జీనోమ్ డౌన్‌లోడ్ చేసుకుని, అందులో ప్రోటీన్‌గా చదవదగ్గ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పైథాన్‌లో కనిపెట్టాలి. కరోనా, హెచ్‌ఐవీ, డెంగీ పది నిమిషాల్లో బుక్ అయిపోయాయి. నేను పోలియో రాసుకున్నాను. మిగిలింది కదా అని కాదు. మా మామయ్య వల్ల.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. తెనాలిలో రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర జిరాక్స్ షాపు. రెండు మెషీన్లు, ఒక లామినేషన్ పెట్టె, గోడకి వేలాడే పాన్ కార్డు ఫారాలు. కుడికాలికి తొడ దాకా ఇనుప కాలిపర్, తోలు పట్టీలు. వెనక రెండు పక్క చక్రాలున్న స్కూటర్. ఆయన పుట్టింది 1976లో. రెండో ఏడు నిండుతుండగా జ్వరం వచ్చింది. మన దేశపు టీకాల కార్యక్రమంలోకి పోలియో చుక్కలు చేరింది 1979లో, అంటే ఆ మరుసటి ఏడు. అమ్మమ్మ చంకనేసుకుని ఊళ్లో సూదులు వేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన తొడకి సూది వేశాడు. మూడో రోజుకి జ్వరం తగ్గింది. కాలు లేవలేదు.

మా ఇంట్లో ఈ కథ ఎప్పుడు చెప్పినా ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. అమ్మమ్మ లెక్కలో ఆ కాలు తీసింది సూది. ఆ సూది వేయించింది తను.

సంక్రాంతి సెలవల్లో షాపులో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిస్తే మామయ్య అడిగాడు, ఏంట్రా ఆ అక్షరాలు అని. చెప్పాను.

"అంటే నా కాలు తిన్నవాడి జాతకం మొత్తం నీ దగ్గరుందా?"

"ఉంది మామయ్యా. ఏడు వేల నాలుగొందల అక్షరాలు."

"అయితే చదివి చెప్పరా అల్లుడూ. తెలుగులో చెప్పు. ఇంగ్లీషులో చాలామంది డాక్టర్లు చెప్పారు నాకు."

ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినవాడిని ఇలా అడిగితే ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. వాక్యం తెలుగులో మొదలవుతుంది, నామవాచకాలన్నీ ఇంగ్లీషులో దిగుతాయి. అసలు ఈ కథకి మూలమైన మాట ‘ట్రాన్స్‌లేషన్’. దాన్ని తెలుగులో ఏమంటారో వెతికితే తెలుగు మీడియం పుస్తకాల్లో ఉంది: అనువాదం. మన క్లబ్బులో కథలకి చేసే అనువాదం ఎలాంటిదో, కణంలో జరిగేది కూడా అలాంటిదేనట. ఒక భాషలో ఉన్నదాన్ని ఇంకో భాషలోకి మార్చడం.

కణంలో ఆ పని చేసేది రైబోజోమ్. ఆర్‌ఎన్‌ఏ పట్టీ మీద ఒక చివర నుంచి రెండో చివరకి నడుస్తూ మూడేసి అక్షరాలు చదువుతుంది. ప్రతి మూడక్షరాలకి ఒక అమినో ఆమ్లం తెచ్చి తగిలిస్తుంది. ఎయుజి వస్తే మెథియోనిన్, యుయుయు వస్తే ఫినైల్ అలనిన్. పూలు గుచ్చినట్టు గుచ్చుకుంటూ పోతే చివరికి తయారయ్యే దండ పేరు ప్రోటీన్. ఆర్‌ఎన్‌ఏ రాసి ఉన్న కాగితం అయితే, ప్రోటీన్ పని చేసే మనిషి.

రైబోజోమ్ ఏ కాగితం పడితే ఆ కాగితం చదవదు. మన కణాల సొంత ఆర్‌ఎన్‌ఏకి ముందు చివర ఒక రసాయన గుర్తు ఉంటుంది. దాన్ని క్యాప్ అంటారు, అంటే టోపీ. ఆ టోపీని ఈఐఎఫ్4ఈ అనే చిన్న ప్రోటీన్ పట్టుకుంటుంది. దాన్ని ఈఐఎఫ్4జి అనే పొడవాటి ప్రోటీన్ పట్టుకుంటుంది. ఈ 4జికి సిమ్ కార్డుతో సంబంధం లేదు కానీ, కనెక్షన్ ఇచ్చేది మాత్రం ఇదే. ఒక చెయ్యి టోపీ వైపు, ఇంకో చెయ్యి రైబోజోమ్ వైపు. ఈ వంతెన ఉంటేనే చదువు మొదలవుతుంది.

పోలియో ఆర్‌ఎన్‌ఏకి టోపీ లేదు. ముందు చివర వీపీజీ అనే 22 అమినో ఆమ్లాల బుల్లి ప్రోటీన్ అంటుకుని ఉంటుంది. కణంలోకి రాగానే కణం ఎంజైమే ఒకటి దాన్ని కూడా ఊడపీకేస్తుంది. మరి ఇంక దాన్ని ఎవరు చదవాలి?

ఇక్కడ నా పైథాన్ అవుట్‌పుట్ చూడండి. చదవదగ్గ భాగం 743వ అక్షరం దగ్గర మొదలవుతోంది. అంటే అంతకు ముందు 742 అక్షరాలు ఏ ప్రోటీన్‌కీ చెందనివి. మొత్తం ఫైల్లో పదో వంతు! ఇంత చిన్న సామానులో, ప్రతి అక్షరం బరువు మోసుకుంటూ తిరిగే వైరస్, పదో వంతు ఊరికే ఎందుకు మోస్తుంది? అసైన్‌మెంట్‌కి 743 చాలు. నాకు మాత్రం ఆ 742 మీదే కన్ను పడింది.

జవాబు 1988లో వచ్చింది. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో జెర్రీ పెల్లెటియర్, నాహమ్ సోనెన్‌బర్గ్ ఆ 742 అక్షరాల ప్రాంతాన్ని తీసి రెండు జీన్ల మధ్యలో పెట్టారు. మామూలుగా అయితే రైబోజోమ్ మొదటి జీన్ చదివి దిగిపోవాలి. కానీ రెండోది కూడా విడిగా చదవబడింది. అంటే రైబోజోమ్ ముందు చివర నుంచి రాకుండా, మధ్యలోనే నేరుగా వచ్చి వాలుతోంది. ఆ ఆర్‌ఎన్‌ఏ భాగం చిత్రమైన మడతలు పడి, రైబోజోమ్‌కి దిగడానికి చోటు చేసి పెడుతుంది. దాని పేరు ఐరెస్. అదే ఏడాది విమ్మర్ ల్యాబ్ కూడా పోలియోకి బంధువైన ఇంకో వైరస్‌లో ఇలాంటిదే చూపించింది. సింహద్వారం దగ్గర టోపీ అడుగుతున్నారు కాబట్టి వీడు దొడ్డిదారి కట్టుకున్నాడన్నమాట.

దొడ్డిదారిన వచ్చినవాడు బుద్ధిగా తన పని చూసుకుని పోతాడా? పోడు. పోలియో ఆర్‌ఎన్‌ఏని రైబోజోమ్ ఒకే దండగా చదువుతుంది, సుమారు 2,200 అమినో ఆమ్లాల పొడవు. ఆ దండలోనే కత్తెరలు కూడా ఉంటాయి. 2ఎ అని ఒకటి, 3సి అని ఒకటి. అవి దండని ఎక్కడికక్కడ కత్తిరించి విడి ప్రోటీన్లు చేస్తాయి. 2ఎ పుడుతూనే తనని తాను దండ నుంచి కోసుకుంటుంది. ఆ తర్వాత వెళ్లి కణంలోని ఈఐఎఫ్4జిని రెండు ముక్కలు చేస్తుంది. టోపీ పట్టుకునే చెయ్యి ఒక ముక్కలో, రైబోజోమ్‌ని లాగే చెయ్యి ఇంకో ముక్కలో. వంతెన తెగింది. కొన్ని గంటల్లో కణం సొంత ఆర్‌ఎన్‌ఏల చదువు దాదాపు ఆగిపోతుంది. అసలు గమ్మత్తు ఏంటంటే, ఐరెస్‌కి టోపీ వైపు ముక్కతో పనే లేదు. మిగిలిన రెండో ముక్క దానికి చక్కగా సరిపోతుంది. ఊళ్లో రైబోజోమ్‌లన్నీ ఖాళీ. వీడి కౌంటర్ ఒక్కటే తెరిచి ఉంది.

"టోపీ లేనివాడు అందరికీ టోపీ పెట్టాడు," అన్నాడు మామయ్య. "రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఇలాంటివాళ్లని రోజూ చూస్తాను."

అప్పుడే ఒకాయన సేల్ డీడ్ తెచ్చి నాలుగు సెట్లు అడిగాడు. మామయ్య తీసి, పిన్ను కొట్టి, డబ్బులు తీసుకుని వచ్చి కూర్చున్నాడు. కూర్చుంటూ ఒక ప్రశ్న వేశాడు. అది నేను చదివిన పేపర్లలో అతి ముఖ్యమైన ప్రశ్న. ఆయనకి అది పేపర్లో తగల్లేదు, మెషీన్ దగ్గర తగిలింది.

"చదవడం సరేరా. వాడికి కావలసింది కాపీలు కదా. కాపీ ఎప్పుడు తీస్తాడు?"

చూడండి ఇబ్బంది ఎక్కడుందో. కణంలోకి వచ్చింది ఒక్క ఆర్‌ఎన్‌ఏ అనుకుందాం. దాన్ని రైబోజోమ్ ముందు నుంచి వెనక్కి చదువుకుంటూ వస్తుంది. కాపీ తీసే యంత్రం పేరు 3డి పాలిమరేజ్. అది తోక దగ్గర ఎక్కి వెనక నుంచి ముందుకి వెళ్తుంది. పట్టీ ఒక్కటే, ప్రయాణాలు ఎదురెదురు. సింగిల్ లైన్ మీద రెండు వైపుల నుంచీ రైళ్లు వదిలినట్టే. 1999లో డేవిడ్ బార్టన్, ఆయన తోటివాళ్లు ఇది పరీక్షించి చూశారు. రైబోజోమ్‌లు పట్టీ మీద నడుస్తున్నంతసేపూ కాపీ పని సాగదు.

పోనీ ముందే కాపీ తీసుకోవచ్చు కదా అంటే, కాపీ యంత్రాన్ని వైరస్ వెంట తెచ్చుకోదు. ఆ పట్టీని చదివితేనే ఆ యంత్రం పుడుతుంది. కాబట్టి మొదట చదవాలి. చదువు తొందరగా ఆపితే యంత్రాలు చాలవు. ఆపకుండా చదువుతూనే ఉంటే కాపీ రాదు. సరైన సమయంలో ఆపాలి. ఆపమని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

ఓఎస్‌లో మనం చదివిన రీడర్స్-రైటర్స్ ప్రాబ్లం ఇదే. ఒక ఫైలు, చదివేవాళ్లు చాలామంది, మార్చేవాడు ఒకడు. చదివేవాళ్లు వస్తూనే ఉంటే రాసేవాడు ఎప్పటికీ లోపలికి పోలేడు. మనం సెమాఫోర్ పెడతాం, కౌంటర్ పెడతాం, పైన ఓఎస్ ఉంటుంది. వైరస్‌కి పైన ఎవరూ లేరు. దాని దగ్గర ఉన్నది ఆ పట్టీ, ఆ పట్టీ చదవగా పుట్టిన ప్రోటీన్లు, కణంలో దొరికిన సామాను. ఈ మూడింటితోనే తాళం చేసుకోవాలి.

చేసుకుంది. ఎలాగో 1998లో ఆండ్రియా గమార్నిక్, రౌల్ ఆండినో చూపించారు. పట్టీకి మొట్టమొదట, ఐరెస్ కంటే కూడా ముందు, సుమారు 90 అక్షరాలు మడతపడి మూడు రెక్కలుగా విచ్చుకుని ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఏవో గడ్డి ఆకుల పేరు పెట్టారు. నేను మామయ్యకి మారేడు దళం అని చెప్పాను. మొదట్లో ఈ దళం మీద పీసీబీపీ2 అనే మన కణపు ప్రోటీన్ కూర్చుంటుంది. అది కూర్చుంటే చదువు ఇంకా జోరుగా సాగుతుంది. సాగే కొద్దీ 3సిడి అనే వైరస్ ప్రోటీన్ పోగవుతుంది. ఇది 3సి కత్తెర, 3డి కాపీ యంత్రం ఇంకా విడిపోకుండా కలిసి ఉన్న రూపం. ఇది వచ్చి అదే మారేడు దళం మీద పీసీబీపీ2 పక్కన చేరుతుంది. చేరగానే లెక్క తిరగబడుతుంది. చదువు తగ్గుతుంది, కాపీ మొదలవుతుంది.

అంతటితో ఆగదు. ఇంకొంత సేపటికి ఆ కత్తెరలు పీసీబీపీ2ని కూడా కోసేస్తాయి. కోసిన పీసీబీపీ2 ఐరెస్ దగ్గర చదువుకి సాయం చెయ్యలేదు, కానీ మారేడు దళం మీద మాత్రం ఇంకా కూర్చోగలదు. ఐరెస్‌కి సాయపడే పీటీబీ అనే ఇంకో ప్రోటీన్‌ని కూడా 3సి ఇలాగే కోస్తుంది. అంటే తను వచ్చిన దొడ్డిదారిని, తన చేత్తోనే, సమయం చూసి మూసుకుంటుంది.

టైమర్ లేదు, గడియారం లేదు. 3సిడి తక్కువుంటే ఇంకా చదవాలని అర్థం. ఎక్కువైతే ఇక చాలని అర్థం. చదవగా పుట్టినదే చదువుని ఆపుతుంది. ఎంత చదివారన్నది ఎంత పోగైందన్న దాంట్లోనే ఉంది కాబట్టి వేరే లెక్క రాసుకోవక్కర్లేదు. నాకు ఈ ముక్క అర్థమైన రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. 7,440 అక్షరాల ప్రోగ్రామ్, మెదడు లేదు, కణం కూడా లేదు, దానికి ఎప్పుడు ఆపాలో తెలుసు.

మామయ్యకి మాత్రం ఇందులో పెద్ద ఆశ్చర్యమేమీ కనపడలేదు. "అంతే కదరా. ఒరిజినల్ ఒక్కటే. అది పార్టీ చేతిలో ఉన్నంతసేపు నేను జిరాక్స్ ఎలా తీస్తాను? చదివింది చాలు, ఇలా ఇవ్వండి అని నేనే అడిగి తీసుకోవాలి."

కాపీ యంత్రమే వచ్చి ఒరిజినల్ అడిగి తీసుకుంటుంది. పేపర్లో పది పేజీలు పట్టిన సంగతి.

ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఆ కణంలో వేల కొద్దీ కొత్త వైరస్‌లు తయారవుతాయి, కణం పగిలిపోతుంది. ఇదంతా పేగుల్లో జరిగినంతవరకు పెద్ద నష్టం లేదు, పేగుల కణాలు మళ్లీ పుడతాయి. పోలియో సోకిన పిల్లల్లో ఎక్కువమందికి సోకినట్టు కూడా తెలియదు. సుమారు 200 మందిలో ఒకరికి అది నరాల్లోకి పాకి, వెన్నుపాములో కండరాలకి ఆర్డర్లు ఇచ్చే మోటార్ న్యూరాన్లని పట్టుకుంటుంది. అక్కడా ఇదే ప్రోగ్రామ్, ఇదే వరుస: దొడ్డిదారి, కత్తెర, తాళం, కాపీ. కానీ ఆ కణాలు మళ్లీ పుట్టవు. మామయ్య కాలికి ఏమీ కాలేదు నిజానికి. ఆ కాలికి లెమ్మని చెప్పేవాళ్లు పోయారు.

ఇది విన్నాక ఆయన కాసేపు కాలిపర్ పట్టీ సర్దుకుని, "మరి నీకెందుకు రాలేదు?" అన్నాడు.

చుక్కలు వేశారు కాబట్టి. ఆ చుక్కల్లో ఉన్నది కూడా బతికున్న పోలియో వైరస్సే. 1950ల్లో ఆల్బర్ట్ సేబిన్ వైరస్‌ని కోతి కణాల్లో మళ్లీ మళ్లీ పెంచి, అందులో మెత్తబడిన వాటిని ఏరి ఈ మందు చేశాడు. అవి ఎందుకు మెత్తబడ్డాయో ఆయనకి తెలిసే అవకాశం లేదు. పోలియో అక్షరాలు పూర్తిగా చదివిందే 1981లో. ఆ తర్వాత పోల్చి చూస్తే తేలింది. మూడు రకాల చుక్కల వైరస్‌లలోనూ ఒక ముఖ్యమైన మార్పు ఒకే చోట ఉంది. టైప్ 1లో 480వ అక్షరం, టైప్ 2లో 481, టైప్ 3లో 472. ఎక్కడో గమనించారా? ఏ ప్రోటీన్‌కీ చెందని ఆ 742 అక్షరాల్లో. ఐరెస్‌లో.

మారింది ఆ దొడ్డిదారి గడప. ఆ ఒక్క అక్షరం మారితే ఐరెస్ మడత వదులవుతుంది, రైబోజోమ్ సరిగ్గా వాలలేదు. ముఖ్యంగా నరాల కణాల్లో అనువాదం సాగదు. పేగుల్లో మాత్రం మన ఒంటికి పాఠం నేర్పేంత సాగుతుంది. చుక్కల వైరస్‌లో ఇంకా వేరే మార్పులు కూడా ఉన్నాయి, అన్నీ కలిసి పనిచేస్తాయి. కానీ బలమైన వాటిలో ఇది ఒకటి. నా ఫైలు టైప్ 1ది, అడవి వైరస్‌ది. కర్సర్ 480 దగ్గర పెట్టాను. పైథాన్‌లో 479, సున్నా నుంచి లెక్క కదా. అక్కడ ఎ ఉంది. చుక్కల మందులో అక్కడ జి ఉంటుంది. మామయ్య స్క్రీన్ మీదకి వంగి ఆ ఎ మీద వేలు పెట్టి చూశాడు. ఏమీ అనలేదు.

ఒక్క అక్షరం రక్షణ గురించి ఇంకో నిజం కూడా చెప్పాలి. పోలియో కాపీ యంత్రం తప్పులు ఎక్కువ చేస్తుంది. చుక్కలు వేసుకున్న పిల్లల పేగుల్లో ఆ 472వ అక్షరం కొద్ది రోజుల్లోనే పాత అక్షరంగా మారిపోవడం 1980ల నుంచీ తెలిసిన సంగతే. చుట్టూ ఉన్న పిల్లలందరికీ టీకా పడి ఉంటే అది అక్కడితో చచ్చిపోతుంది. పడకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూ తిరుగుతూ మళ్లీ పళ్లు మొలిపించుకుంటుంది. 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకి వచ్చిందే మన దేశంలో చివరి అడవి పోలియో కేసు. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ వచ్చింది. అయినా 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టైప్ 2 చుక్కల నుంచి మారిన వైరస్ కనిపించింది. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు మూడు లక్షల మంది పిల్లలకి ఆ జూన్‌లోనే ఇంజెక్షన్ టీకా వేశారు. ఒక్క పిల్లవాడి కాలు పడకముందే, మురుగు కాలవ దగ్గరే పట్టుకున్నారు.

ఆ తర్వాత ఆ ఐరెస్ మడతనే తిరగరాశారు. ఒక్క అక్షరం మారితే పాత రూపానికి పోయేలా కాకుండా, చాలా అక్షరాలు ఒకేసారి మారితే తప్ప వెనక్కి పోలేనట్టు. కాపీ యంత్రం తప్పులు తగ్గేలా అందులోనూ మార్పులు చేశారు. ఆ కొత్త టైప్ 2 చుక్కల పేరు ఎన్‌ఓపీవీ2. 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వాడకానికి ఒప్పుకుంది. దాన్ని తయారుచేసిన వాళ్లలో రౌల్ ఆండినో ఉన్నాడు, మారేడు దళం మీద తాళం కనిపెట్టిన ఇద్దరిలో ఒకడు. ఇప్పుడు హైదరాబాద్‌లో బయోలాజికల్ ఇ కూడా ఆ చుక్కలు చేస్తోంది. వైరస్ ఎక్కడ చదవబడుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడం పేపర్ రాసుకోవడానికే అయితే ఇవి వచ్చేవి కావు.

సాయంత్రం షట్టర్ సగం దించాక మామయ్య అసలు ప్రశ్న అడిగాడు. రోజంతా దాని చుట్టూనే తిరిగాడని నాకు అప్పుడు తెలిసింది.

"సూది సంగతేంట్రా?"

దాని గురించి కూడా చదివాను, ఆయన అడుగుతాడేమో అని. కాలు పడిపోవడానికి ముందు వచ్చే జ్వరం వచ్చిందంటేనే వైరస్ అప్పటికే ఒంట్లో ఉన్నట్టు. సూది వైరస్‌ని తేలేదు. అది మొదటి ముక్క. రెండో ముక్క ఏంటంటే, ఆ జ్వరం రోజుల్లో కండకి సూది వేస్తే కాలు పడిపోయే ప్రమాదం పెరుగుతుందని చాలా చోట్ల చూశారు. దెబ్బ తిన్న కండ నుంచి వైరస్ నరం పట్టుకుని పైకి ఎక్కుతుందని విమ్మర్ ల్యాబే 1998లో ఎలకల్లో చూపించింది. ఆయన కాలి విషయంలో సూది ఎంత చేసిందో, సూది లేకపోయినా ఏమయ్యేదో ఇప్పుడు ఏ ఫైలూ చెప్పలేదు.

మామయ్య మెషీన్ మూత వేసి, దాని మీద గుడ్డ కప్పాడు.

"మొదటి ముక్క మీ అమ్మమ్మకి చెప్పు. రెండోది వద్దు."

రాత్రి అన్నాలయ్యాక చెప్పాను. వైరస్ అని అనలేదు, పురుగు అన్నాను. ఆ పురుగు సూదికి ముందే లోపల ఉందమ్మమ్మా, ఆ జ్వరమే దానిది, చుక్కలు మరుసటి ఏడాది గాని రాలేదు, నువ్వు ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా ఆయన దగ్గర దానికి మందు లేదు. ఇవన్నీ నిజాలే. అక్కడ ఆపాను. ఈ మ్యాగజైన్‌లో మిగతాది రాయడానికి భయం లేదు. అమ్మమ్మ ఫోన్‌లో మనవల ఫొటోలు తప్ప ఇంకేం చూడదు.

ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వక్క కొరుక్కుంటూ కూర్చుంది. పక్కగదిలో మామయ్య కాలిపర్ పట్టీలు ఒక్కొక్కటే విప్పుతున్న చప్పుడు వినపడుతోంది.

"అయితే నలభై ఏడేళ్ల నుంచి ఆ డాక్టర్ని ఊరికే తిడుతున్నానన్నమాట," అంది చివరికి. "పాపం, ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది."